తెగేదాకా లాగవద్దు: గేర్లు లేని స్కూటర్ బెల్టు అరుగుదల, తనిఖీ, మార్పిడి

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు వెళ్తుంటే నా స్కూటర్ కింద ‘టప్’మని ఒక చప్పుడు వచ్చింది. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం నీరసపడి రోడ్డు పక్కన ఆగిపోయింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అటూ ఇటూ రొయ్యల గుంటలు, నీడ అంటే కరెంటు స్తంభానిదే. తోసుకుంటూ తీసుకెళ్తే మెకానిక్ ఎడమ పక్క కవరు విప్పాడు. లోపల క్లచ్ చుట్టూ కొబ్బరి పీచులా దారాలు చుట్టుకుని ఉన్నాయి.

“సంక్రాంతి నుంచీ పికప్ తగ్గలేదా సార్?” అని అడిగాడు. తగ్గింది. పెట్రోలు బాగాలేదని అనుకున్నాను. మీటరు 31,000 కిలోమీటర్లు చూపిస్తోంది. అన్ని కిలోమీటర్లలో ఇంజన్ ఆయిల్ ఎన్నోసార్లు మార్పించాను, ఆ కవరు ఒక్కసారీ తీయించలేదు. తరువాతి బెల్టును నేనే మార్చుకున్నాను, ఆ పైది కూడా. ఆ అనుభవంతో రాస్తున్నదిది.

యాక్టివా, జూపిటర్, యాక్సెస్ లాంటి గేర్లు లేని పెట్రోలు స్కూటర్లన్నింటికీ ఇది వర్తిస్తుంది. 1980ల్లో కైనెటిక్ హోండాతో ఈ తరహా బండి మన రోడ్ల మీదికి వచ్చింది. 1990ల్లో వచ్చిన టీవీఎస్ స్కూటీ పేరే ఆ జాతి మొత్తానికీ స్థిరపడిపోయింది. ఏ కంపెనీ బండినైనా మనం స్కూటీ అంటాం. వెనక చక్రాన్ని నేరుగా తిప్పే పళ్ల బెల్టు వేరే రకం. హార్లీ డేవిడ్‌సన్ బైకులకూ కొన్ని ఎలక్ట్రిక్ బండ్లకూ ఉండే ఆ బెల్టు గురించి చివర్లో చెబుతాను.

బెల్టు చేసే పని

కవరు లోపల రెండు పుల్లీలు ఉంటాయి. ముందుది ఇంజను తిప్పే ఇరుసు, అంటే క్రాంకు మీద, వెనకది క్లచ్‌తో కలిసి ఉంటుంది. ఒక్కొక్క పుల్లీ ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేల్లా ఉంటుంది. ఆ రెండింటి మధ్య గాడిలో అడ్డకోతలో వి ఆకారంలో ఉండే రబ్బరు బెల్టు నడుస్తుంది. ముందు పుల్లీ వెనక వేరియేటర్‌లో రోలర్లు ఉంటాయి, చాలా బండ్లలో ఆరు. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని పళ్లేన్ని నెడతాయి. గాడి ఇరుకవుతుంది, బెల్టు అంచు వైపు పైకి ఎక్కుతుంది. అదే సమయంలో వెనక పుల్లీ స్ప్రింగును నొక్కుకుంటూ తెరుచుకుంటుంది, అక్కడ బెల్టు లోతుకు దిగుతుంది. మన చేయి పడకుండా గేర్లు మారడమంటే ఇదే.

ఇందులో పట్టంతా బెల్టు పక్క గోడలదే. అవి అరిగితే బెల్టు వెడల్పు తగ్గుతుంది. వెడల్పు తగ్గిన బెల్టు ముందు పుల్లీలో అంచుదాకా ఎక్కలేదు. అందుకే తెగకముందే వేగం పడిపోతుంది. “ఇంకా తెగలేదు కదా” అని బెల్టును నడిపేవాళ్లు ఇక్కడే పొరబడతారు. చూపుకు దిట్టంగా, పగుళ్లు లేకుండా ఉన్న బెల్టు కూడా వెడల్పు లెక్కలో చచ్చిపోయి ఉండవచ్చు.

మన వైపు బెల్టును తినేవి

బెల్టును ఎప్పుడు మార్చాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు అది 20,000 నుంచి 25,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఆ అంకె మామూలు వాడకానికి సంబంధించింది. మన వాడకం మామూలుదేనా అని ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

ముందు బరువు. రొయ్యల మేత బస్తా 25 కిలోలు. కాళ్ల దగ్గర రెండు బస్తాలు, వెనక ఒక మనిషి, గుంట గట్టు మీద మట్టి దారి. అక్కడ బండి వేగం పదీ పదిహేను దాటదు, యాక్సిలరేటర్ మాత్రం సగానికి పైగా తిప్పి ఉంటుంది. క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి పక్కనే ఉన్న బెల్టును కాలుస్తుంది. ఎండాకాలంలో ఒంగోలులో బయటి గాలే నలభై డిగ్రీలు దాటుతుంటే ఆ కవరు లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తరువాత దుమ్ము. పుల్లీకి ఉన్న రెక్కలు చల్లదనం కోసం బయటి గాలిని లోపలికి లాగుతాయి. ఆ గాలితో పాటే మైపాడు తీరం ఇసుకా, కృష్ణపట్నం పోర్టు లారీలు లేపే ధూళీ వస్తాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు క్వారీల దారిలో రోజూ తిరిగే బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రాతి పొడి బెల్టుకూ పుల్లీకీ మధ్య ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. కొన్ని మోడళ్లలో ఈ గాలి దారికి చిన్న స్పాంజి ఫిల్టరు ఉంటుంది. అది ఉందని కూడా చాలామందికి తెలియదు.

మూడోది నీరు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ నెల్లూరు వీధుల్లో నీళ్లలో నిలబడ్డ స్కూటర్లు లెక్కలేనన్ని. కవరులో నీరు చేరితే బెల్టు జారుతుంది, బండి కదలదు. ఎండలో పెడితే బాగయిందని చాలామంది వదిలేశారు. తడి పోయినా పుల్లీ ముఖాల మీద తుప్పు మిగిలింది. గరుకుగా మారిన ఆ ముఖం ఆ తరువాత రెండు మూడు నెలల్లో బెల్టును ఒరిపిడి పెట్టి అరగదీసింది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో నెలల తరబడి ఆపి ఉంచిన బండికీ ఇదే గతి.

నూనె కారడం నాలుగోది. క్రాంకు దగ్గరి ఆయిల్ సీలో, వెనక గేరుపెట్టె సీలో కారితే బెల్టు మీద నూనె పడుతుంది. నూనె తాగిన బెల్టును పెట్రోలుతో కడిగి బాగుచేద్దామనుకోవద్దు, అది పారేయడానికే. సీలు మార్చకుండా కొత్త బెల్టు వేయడమూ దండగే.

లక్షణాలు

బండి చెప్పే మాటలు తేలిగ్గానే ఉంటాయి, మనమే వాటిని వేరే దాని మీద నెట్టేస్తాం. ఇంజను మోత పెరుగుతుంది, దానికి తగ్గట్టు వేగం పెరగదు. ఒకప్పుడు 80 అందుకున్న బండి 65 దగ్గర మొండికేస్తుంది. మైలేజీ తగ్గుతుంది. కదిలేటప్పుడు వణుకు రావచ్చు, అయితే వణుకు క్లచ్ షూల (క్లచ్‌లో పట్టు ఇచ్చే ముక్కల) వల్ల కూడా వస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే చూసి బెల్టు మార్చేయకండి. పొద్దున్నే మొదటి కిలోమీటరులో కీచుమనే శబ్దం వస్తే తేమ గానీ, నునుపెక్కి మెరుస్తున్న బెల్టు గానీ కారణం కావచ్చు. నడుస్తుండగా ‘టక టక’ మని కవరుకు ఏదో తగులుతున్నట్టు వినిపిస్తే ఇక ఆ రోజు బండి నడపవద్దు. ఊడిన దారం కొస కవరును కొడుతోంది.

దారిలో తెగితే ఇంజను వెంటనే ఆపేయండి. యాక్సిలరేటర్ తిప్పి చూసేకొద్దీ ముక్కలు క్లచ్‌లో ఇరుక్కుంటాయి.

కావలసినవి

బెల్టును బండి మోడలూ తయారైన ఏడాదీ చెప్పి, అచ్చు ఆ బండిదే కొనండి. ఒకే పేరుతో వచ్చిన బండికే ఏళ్లు మారితే బెల్టు కొలత మారుతుంది. హోండాల్లో బెల్టు విడిభాగం అంకె 23100తో మొదలవుతుంది. పెట్టె మీదా బెల్టు వీపు మీదా ఉన్న అంకెలు సరిపోలుతున్నాయో లేదో దుకాణంలోనే చూసుకుని, బిల్లు అడగండి. బెల్టు ధర కొన్ని వందల రూపాయలు. అందులో వంద మిగుల్చుకోవడానికి పేరు లేని సరుకు కొనడం నాకైతే నచ్చదు.

పనిముట్లలో 8, 10 నంబరు సాకెట్లు, పుల్లీ నట్టుకు సరిపడే పెద్ద సాకెట్టు, నట్టును చెప్పినంత బలానికే (టార్క్‌కే) బిగించే టార్క్ రెంచి, వెడల్పు కొలిచే వెర్నియర్ కాలిపర్, ప్లాస్టిక్ సుత్తి, ముక్కుకు మాస్కు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం పుల్లీని కదలకుండా పట్టే హోల్డర్. అది లేక రెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి నట్టు విప్పేవాళ్లున్నారు. ఆ రెక్కలు అల్యూమినియంవి, పుటుక్కున విరుగుతాయి. హోల్డర్ గానీ టార్క్ రెంచి గానీ లేకపోతే ఈ పని మెకానిక్‌కు ఇచ్చి పక్కన నిలబడి చూడడం మేలు. ఏం చూడాలో కింద ఉంది.

విప్పడం

1. ఇంజను పూర్తిగా చల్లారాక బండిని సెంటర్ స్టాండు మీద నిలపండి. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. కవరు చుట్టూ ఉన్న మట్టిని ముందే తుడవండి, లేకపోతే కవరు తీయగానే అదంతా లోపలికి రాలుతుంది.

2. కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఏ చోటిదో అక్కడే గుచ్చండి. అడ్డం వచ్చే బండ్లలో కిక్ రాడ్డు కూడా తీయాలి. బోల్టులు తీశాక కవరు రాకపోతే అంచుల్లో స్క్రూడ్రైవరు పెట్టి ఎగదీయకుండా ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ మెల్లగా కొట్టండి. కవరుకు చిన్న గొట్టాల్లాంటి డోవెల్ పిన్నులు ఉంటాయి, అవి ఎక్కడైనా రాలిపోయాయేమో చూసుకోండి.

3. లోపల నల్లటి పొడి ఉంటుంది. అందులో బెల్టు రబ్బరుతో పాటు క్లచ్ షూల పొడి కూడా ఉంటుంది. నోటితో ఊదకండి, కంప్రెసర్ గాలితో ముఖం మీదికి కొట్టుకోకండి. తడిగుడ్డతో తీయండి.

4. ఏదీ కదపకముందు ఫోనుతో నాలుగు ఫోటోలు తీయండి. వాటిలో ఒకటి తప్పనిసరిగా ముందు పుల్లీ నట్టుకు దగ్గరగా ఉండాలి. నట్టు బయట క్రాంకు మర ఎన్ని చుట్లు కనిపిస్తోందో ఆ ఫోటోలో లెక్కపెట్టగలగాలి. ఇది తరువాత పనికొస్తుంది.

5. హోల్డర్‌తో పుల్లీని పట్టి నట్టు విప్పండి. వాషరు, బయటి పళ్లెం వచ్చేస్తాయి. వాషరు ఏ ముఖం బయటికి ఉందో గమనించండి. బయటి పళ్లెం తీసేటప్పుడు వెనకనున్న వేరియేటర్‌ను లాగకండి. అది ముందుకు వస్తే లోపలి రోలర్లు వాటి గదుల్లోంచి జారిపోతాయి.

6. వెనక పుల్లీ రెండు పళ్లేలనూ చేతులతో విడదీస్తూ బెల్టును లోతుకు నొక్కండి. స్ప్రింగు గట్టిగానే ఉంటుంది. బెల్టు లోపలికి దిగగానే ముందు వైపు వదులవుతుంది, అప్పుడు తీసేయవచ్చు.

తీసిన బెల్టును చదవడం

పాత బెల్టుకు ముందు వెర్నియర్ పెట్టండి. వీపు వైపు, అంటే అన్నిటికన్నా వెడల్పైన చోట, పిండకుండా, నాలుగైదు చోట్ల కొలవండి. పుస్తకంలో కనీస వెడల్పు ఉంటే దానితో పోల్చండి. పుస్తకం దొరక్కపోతే కొత్త బెల్టునే పక్కన పెట్టి కొలవండి. సాధారణంగా కొత్తదానికన్నా ఒక మిల్లీమీటరు తగ్గితే దాని పని అయిపోయినట్టే. ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ చూపినా తీసేయాల్సిందే.

ఆ తరువాత బెల్టును కాస్త వెనక్కి వంచి లోపలి గట్ల మధ్య పల్లాలు చూడండి. పగుళ్లు అక్కడే మొదలవుతాయి, మామూలుగా పట్టుకుంటే కనిపించవు. పక్క గోడల్లోంచి దారాలు బయటికి వస్తున్నాయా, గోడ గాజులా మెరుస్తోందా, ఏదైనా ఒక్కచోట మాత్రమే కాలినట్టుందా చూడండి. ఒక్కచోట కాలిందంటే బెల్టు నిలిచిపోయి పుల్లీ మాత్రమే తిరిగిందని అర్థం. బ్రేకు పట్టుకుని యాక్సిలరేటర్ తిప్పే అలవాటున్న బండిలో ఇది కనిపిస్తుంది.

బెల్టు బాగుందనిపించి తిరిగి వేస్తే ముందు తిరిగిన దిక్కుకే తిరిగేలా వేయాలి.

కొత్తది వేసేముందు

పుల్లీ ముఖాలను వేలితో తడమండి. గోరు తగిలేంత గాడి ఉంటే కొత్త బెల్టు కూడా ఎక్కువ కాలం రాదు. పలుచని తుప్పును సన్నని ఉప్పుకాగితంతో తీయవచ్చు. ఆ తరువాత థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. థిన్నరు లోహానికే వాడాలి, రబ్బరు సీళ్లకు తగలనివ్వవద్దు.

వేరియేటర్‌ను వెనక రేకుతో కలిపి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఒకేసారి బయటికి తీయండి. గుండ్రంగా ఉండాల్సిన రోలరు ఒక వైపు చదునుగా అరిగి ఉంటే ఆరూ మార్చండి. వాటి బరువు కంపెనీ ఇచ్చినదే ఉండాలి. బరువు తగ్గిస్తే పికప్ పెరుగుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, ఇంజను ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది. రెండు సీళ్ల దగ్గరా తడి ఉందేమో చూడండి. స్పాంజి ఫిల్టరు ఉంటే కడిగి ఆరబెట్టండి.

వేరియేటర్‌ను తిరిగి పెట్టేటప్పుడు రోలర్లు వాటి గదుల్లోనే ఉన్నాయని నిర్ధారించుకోండి. ఒక్కటి జారి రేకు వెనక ఇరుక్కున్నా నట్టు బిగించేటప్పుడు తెలియదు, బండి కదిలాక తెలుస్తుంది.

బిగించడం, అందులో జరిగే పెద్ద తప్పు

చేతులకు గ్రీజు లేకుండా కడుక్కోండి. బెల్టు మీద బాణం గుర్తుంటే అది తిరిగే దిక్కుకు ఉండాలి. బాణం లేకపోతే బయటి నుంచి చూసినప్పుడు అక్షరాలు తిన్నగా చదివేలా వేయండి.

మొదట వెనక పుల్లీలో బెల్టును వీలైనంత లోతుకు నొక్కండి. ఎందుకంటే ముందు వైపు బెల్టు పూర్తిగా వదులుగా, క్రాంకుకు తొడిగిన గొట్టం, అంటే బుష్షు మీద వేలాడుతున్నట్టు ఉండాలి. అప్పుడే బయటి పళ్లేన్ని క్రాంకు పళ్ల మీదికి ఎక్కించాలి. చాలామంది తొందరలో వెనక వైపు సగమే నొక్కుతారు. అప్పుడు ముందు వైపు బెల్టు బిగుతుగా పళ్లెం కింద అడ్డుపడుతుంది. పళ్లెం క్రాంకు పళ్ల కొసల మీద మాత్రమే కూర్చుంటుంది. నట్టు బిగిస్తే గట్టిగానే బిగుస్తుంది, టార్క్ రెంచి కూడా ‘టిక్’ మంటుంది. కానీ నట్టు నొక్కుతున్నది బెల్టునే, బుష్షును కాదు. బండి కదలగానే బెల్టు సర్దుకుంటుంది, నట్టు కింద సందు పడుతుంది, పళ్లెం ఊగుతూ క్రాంకు పళ్లను గీకేస్తుంది. ఆ పళ్లు పోతే కొత్త క్రాంకే కావాలి. బెల్టు కోసం మొదలైన పని ఇంజను విప్పడంతో ముగుస్తుంది.

కనిపెట్టడానికి మూడు పరీక్షలున్నాయి. మొదటిది, నట్టు చేత్తో బిగించాక బయట కనిపించే మర చుట్లను పాత ఫోటోతో పోల్చండి. ఒక్క చుట్టు తక్కువున్నా విప్పి మళ్లీ మొదలుపెట్టండి. రెండోది, నట్టును పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించాక కూడా ముందు గాడిలో బెల్టు వేలికి కదలాలి. మూడోది, పుల్లీని చేత్తో తిప్పితే పళ్లెం అంచు తిన్నగా తిరగాలి, ఊగకూడదు. గాలి గన్‌తో నట్టు విప్పితే ఫర్వాలేదు గానీ దానితోనే బిగించనివ్వకండి.

తరువాత పుల్లీని చేత్తో పలుమార్లు తిప్పుతూ ఉంటే వెనక పుల్లీలో బెల్టు మెల్లగా అంచుకు ఎక్కి బిగుసుకుంటుంది. డోవెల్ పిన్నులు, ప్యాకింగు, కవరు పెట్టి బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. కవరు లేకుండా ఇంజను ఆన్ చేసి చూడాలనిపిస్తుంది. వద్దు. తిరుగుతున్న ఆ పుల్లీ వేళ్లనూ చీర కొంగునూ లుంగీ అంచునూ ఒకేలా లాగుతుంది.

మొదటి వంద కిలోమీటర్లు ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పకుండా, బస్తాలు వేయకుండా నడపండి. ఆ తరువాత కూడా వేగం అందకపోతే కవరు మళ్లీ తీసి, ముందు పుల్లీ లోపలి ముఖం మీద మధ్య నుంచి అంచుదాకా మార్కరుతో ఒక గీత గీయండి. కవరు పెట్టి, ఖాళీ రోడ్డు మీద నిండు వేగంతో ఒకసారి వెళ్లి వచ్చి చూస్తే బెల్టు ఎంత పైకి ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోయి ఉంటుంది. అంచుకు బాగా దిగువనే ఆగిపోయిందంటే రోలర్లలో గానీ బెల్టు కొలతలో గానీ తేడా ఉన్నట్టు.

మార్చిన తేదీ, మీటరు అంకె సీటు కింద అట్ట మీద రాసి అంటించండి. బరువులు మోసే బండికి 8,000 కిలోమీటర్లకు ఒకసారి కవరు తీసి చూడడం నా పద్ధతి.

పళ్ల బెల్టు ఉన్న బండ్లు

హార్లీ డేవిడ్‌సన్ 1980 నుంచి వెనక చక్రానికి చైను బదులు పళ్ల బెల్టు వాడుతోంది. మన దగ్గర అమ్మే ఎక్స్440కు మాత్రం చైనే. ఏథర్ 450, రివోల్ట్ ఆర్‌వీ400 లాంటి ఎలక్ట్రిక్ బండ్లకు కూడా పళ్ల బెల్టు ఉంటుంది. దీనికి నూనె, గ్రీజు అక్కర్లేదు. చైను స్ప్రే అలవాటుగా కొట్టేవాళ్లు ఇక్కడ ఆ చేయి ఆపుకోవాలి.

దీని పరీక్ష వేరు. పంటి లోపలి వైపు వెంట్రుక వాసి పగుళ్లుంటే నడపవచ్చు, కన్నేసి ఉంచాలి. అంచు దారాలు కాస్త పీచులేచినా, అంచున చిన్న పెచ్చు ఊడినా అంతే. పగులు పంటి బయటి వైపు కనిపిస్తే, ఒక్క పన్ను ఊడినా, పళ్లు కొక్కెంలా వంగి అరిగినా మార్చాల్సిందే. కంకర రాయి ఇరుక్కుని పడిన గాటు అంచున ఉంటే కూడా మార్చాలి. క్వారీ దారుల్లో ఎక్కువగా పడే దెబ్బ ఇదే.

బిగుతు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. హార్లీలకు కింది వరుస మధ్యలో సుమారు 4.5 కిలోల బలంతో పైకి నెట్టి ఎంత కదిలిందో కొలుస్తారు. ఎంత కదలాలన్నది మోడలును బట్టి పుస్తకంలో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతైన చోటును లెక్కలోకి తీసుకోండి. బిగుతు సరిచేశాక చక్రం తిన్నగా ఉందో లేదో మళ్లీ చూడాలి, వంకరగా ఉంటే బెల్టు ఒక అంచునే ఒరుసుకుంటుంది. కొత్త బెల్టు వేస్తే పుల్లీల పళ్లు కూడా పరీక్షించి, అరిగి ఉంటే కలిపే మార్చండి. ఇంటికి తెచ్చిన కొత్త బెల్టును మెలితిప్పి, ముందు పుల్లీ కన్నా చిన్న చుట్టగా మడిచి డిక్కీలో కుక్కకండి. లోపలి దారాలు విరుగుతాయి, బయటికి ఏమీ కనిపించదు.